మైదానానికి వీపు పెట్టిన మామయ్య

మా మామయ్య నలభై ఏళ్లుగా ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా వదలకుండా స్టేడియానికి వెళ్తున్నాడు. ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు.

ఆయనకు చూపు ఆనదనుకునేరు. ఆయనది కళ్లద్దాల దుకాణం. వీధి అవతలి గోడ మీద బల్లి కనిపిస్తే అది ఏ పురుగు మీద కన్నేసిందో ఇక్కణ్ణుంచే చెప్పగలడు. కానీ స్టేడియంలో అడుగు పెట్టగానే ముందు వరుసకు వెళ్లి, కంచెకు ఆనుకుని, మైదానానికి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడతాడు. తొంభై నిమిషాలూ అంతే. విరామంలో అందరూ లేచి బయటికి పోతారు కదా, ఇక ఇటు చూడ్డానికేమీ ఉండదు కాబట్టి అప్పుడు మాత్రం ఒకసారి మైదానం వైపు తిరుగుతాడు. "గడ్డి బాగా పెంచుతున్నారే!" అని మెచ్చుకుంటాడు.

"ఇదేం విడ్డూరం మామయ్యా?" అని చిన్నప్పుడు అడిగాను.

"అటు ఇరవై రెండు మంది ఉన్నారు. ఇటు ఇరవై వేల మంది ఉన్నారు. ఎటు చూడాలో నువ్వే చెప్పవే" అన్నాడు.

ఇంటికొచ్చాక అత్తయ్య అడిగేది, "గెలిచామా, ఓడామా?" అని.

"మంగలాయన రెండుసార్లు టోపీ ఎగరేశాడు. బడి మేష్టారు మూడుసార్లు తల పట్టుకున్నాడు. అంటే రెండు, మూడు. ఓడాం."

మర్నాడు పేపరు తెరిస్తే సరిగ్గా అదే ఉండేది. ఒక్కసారి మాత్రం లెక్క తప్పాడు. ఆ రోజు మేష్టారికి నిజంగానే తలనొప్పి అట.

ఆ రోజుల్లో గ్యాలరీ అంటే సిమెంటు మెట్లు. కుర్చీలూ లేవు, నంబర్లూ లేవు. మనిషికీ మనిషికీ మధ్య గాలి దూరే సందు కూడా ఉండేది కాదు. నీకు దురద పుడితే పక్కవాడి వీపు గోక్కునేవాడివి. గోల్ పడితే ముక్కూమొహం తెలియనివాడు వచ్చి కావిలించుకుని, మ్యాచ్ అయ్యేదాకా వదిలేవాడు కాదు. పై మెట్ల మీదివాళ్లకు ఆట సరిగ్గా కనిపించేది కాదు కాబట్టి వార్తలు కింది నుంచి పైకి ఎక్కేవి. "పొట్టివాడు తలతో కొట్టాడు" అని మొదటి మెట్టు మీద బయలుదేరిన వార్త ముప్పయ్యో మెట్టు చేరేసరికి "పొట్టివాడి తల పగిలింది" అయ్యేది. కింద అందరూ గంతులేస్తుంటే, పైన ఉన్నవాళ్లు టోపీలు తీసి మౌనంగా నిలబడేవారు.

తర్వాత మెట్లు పోయి నీలం రంగు కుర్చీలొచ్చాయి. కుర్చీకో నంబరు. పెద్ద తెర వచ్చింది. అందరి చేతుల్లోకీ ఫోన్లొచ్చాయి, చెవుల్లోకి తీగలొచ్చాయి. జనం గొంతులు సన్నబడిపోయాయి. ఎంత సన్నబడ్డాయంటే, జనం అరవనప్పుడు స్పీకర్లలో అరుపులు పెట్టడానికి స్టేడియంవాళ్లు ప్రత్యేకంగా ఓ మనిషిని ఉద్యోగంలో పెట్టుకున్నారు. ఆ మనిషిని నేనే.

పైన అద్దాల గదిలో కూర్చుంటాను. ఒక మీట నొక్కితే తెర మీద "చప్పట్లు!" అని పడుతుంది. ఇంకో మీట నొక్కితే పదివేల గొంతులు హోరెత్తుతాయి.

"ఎవరివే ఆ గొంతులు?" అనడిగాడు మామయ్య, నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో.

"రికార్డు చేసినవి మామయ్యా. ఎక్కడివో తెలీదు."

"బాగానే ఉంది. ముఖాలు మనవి, గొంతులు పరాయివి. ఇందాక నువ్వు హోరు పెట్టినప్పుడు ఏడో వరుసాయన ఆవులిస్తున్నాడు. ఆ నోట్లోంచి ఆ అరుపు వస్తుంటే చూడలేక చచ్చాననుకో!"

కొత్త కాపలావాళ్లతో ఆయనకు ప్రతి మ్యాచ్‌కీ ఇదే గొడవ.

"సార్, మ్యాచ్ అటు."

"తెలుసు బాబూ. నాది ఇటు."

ఇలా సాగుతుండగా, ఒక ఆదివారం మధ్యాహ్నం, మ్యాచ్ ఇంకా మొదలవకముందే, భద్రతాధికారి నన్ను తన గదికి పిలిపించాడు. బండ గొంతు మనిషి. లోపలికి వెళితే బల్లకు ఇటువైపు మా మామయ్య చేతులు కట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"ఈయన మీ మామయ్యేనా మేడమ్?"

"అవునండీ. ఏమైంది?"

"ఆట చూడ్డు. జనాన్ని చూస్తాడు. పుస్తకంలో సీటు నంబర్లు రాసుకుంటాడు. తర్వాత వాళ్లకు చీటీలు పంచుతాడు." ఓ చీటీ నా ముందు పడేశాడు. మామయ్య గుండ్రటి దస్తూరీ. 'మీ సీటుకు లాటరీ తగిలింది. బహుమతి కోసం కళ్లద్దాల దుకాణానికి రాగలరు.' "మా స్టేడియంలో ఏ లాటరీ లేదు. ఆరో వరుసలో ఎర్రటోపీ పెద్దాయన ఫిర్యాదు రాసిచ్చాడు. లాటరీ టికెట్టే కొనని తనకు లాటరీ ఎలా తగిలిందని ఆయన అడిగాడు. మోసం కాకపోతే ఏంటిది?"

"మామయ్యా, ఏంటి బహుమతి?" అన్నాను.

"మొదటి బహుమతి కారు. రెండోది కళ్లద్దాలు" అన్నాడు మామయ్య.

"కారు ఎవరికిచ్చారు?" అని గద్దించాడు అధికారి.

"ఇంతవరకూ ఎవరికీ తగల్లేదండీ. అందరికీ రెండోదే తగులుతోంది."

అధికారి పుస్తకం తెరిచాడు. చేయి చాపి దూరంగా పట్టుకుని, ఇంకాస్త దూరం జరిపి, గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. "పదకొండో వరుస, ఆకుపచ్చ స్వెట్టరు ఆవిడ. జనం చప్పట్లు కొట్టాక అర నిమిషానికి కొడుతోంది. రెండు కళ్లూ చూడాలి. చీటీ ఇచ్చాను. వచ్చింది. నాలుగో వరుస, పలచటి మీసాలాయన. తెర చూడాలంటే ఎడమ కన్ను మూస్తున్నాడు. వచ్చాడు. ఆరో వరుస, ఎర్రటోపీ. మూడు చీటీలిచ్చాను. రాలేదు. రాలేదు. రాలేదు."

అధికారి పుస్తకం మీంచి తలెత్తి మామయ్య వైపు చూశాడు.

"మొదట్లో సరదాకే చూసేవాణ్ణండీ" అన్నాడు మామయ్య. "అప్పట్లో చూపు ఆననివాడికి కూడా లోటుండేది కాదు. పక్కవాడు చెప్పేవాడు, వెనకవాడు వీపు మీద చరిచి మరీ చెప్పేవాడు. తప్పే చెప్పేవారనుకోండి, కానీ చెప్పేవారు. ఇప్పుడు ఎవర్నడుగుతారు? పక్కవాడి చెవుల్లో తీగలు. ఆ ఎర్రటోపీ ఆయన ఓ రోజు మనవాళ్లు గోల్ తింటే, మనమే కొట్టామనుకుని లేచి గంతులేశాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, ఫోన్లలో పట్టారు. ఆయన కూర్చుని టోపీ కళ్ల మీదికి లాక్కున్నాడు. నేను చూస్తున్నది ఇటే కదండీ, ఆ మొహం నాకు కనపడింది."

"ఆ మాటే చెప్పి ఊరికే ఇవ్వచ్చుగా? ఈ లాటరీ ఏంటి?" అన్నాడు అధికారి. గొంతులో బండ కొంచెం అరిగింది.

"మీకు కళ్లు కనపడట్లేదు రండి అంటే ఎవరొస్తారండీ? మీ చేయి ఇంకో జానెడు పొడుగుంటే బాగుండేదని నేనిప్పుడు అన్నాననుకోండి, మీరొస్తారా?"

అధికారి చాపిన చేతిని గబుక్కున ముడుచుకున్నాడు. పుస్తకం దగ్గరికి రాగానే అక్షరాలు అలుక్కుపోయినట్టున్నాయి, మళ్లీ మెల్లిగా చాపాడు. తర్వాత నా వైపు తిరిగి తన కష్టం చెప్పుకున్నాడు.

"జనం వైపు చూస్తూ నిలబడమని నలభై మందికి జీతాలిస్తున్నాం మేడమ్. బంతి కదలగానే నలభై మందీ మైదానం వైపు తిరిగిపోతారు. నేనేమో తిరగనివాడి కోసం పదేళ్లుగా వెతుకుతున్నాను."

అలా మా మామయ్యకు కాపలావాళ్ల పసుపు కోటు వచ్చింది. ఒక్కటే షరతు, చీటీలు మానెయ్యాలి. ఎర్రటోపీ ఆయన సంగతి తానే చూసుకుంటానన్నాడు అధికారి.

తర్వాతి మ్యాచ్‌కు అధికారి స్వయంగా ఆరో వరుసకు వెళ్లడం నా అద్దాల గదిలోంచి చూశాను. పెద్దాయనకు ఏం చెప్పాడో తర్వాత మామయ్యే నాకు వినిపించాడు.

"మీ ఫిర్యాదు మీద విచారించానండీ. లాటరీ నిజమే. ఇదిగో, నాకూ తగిలింది" అని తన ముక్కు మీది కొత్త కళ్లద్దాలు చూపించాడట.

"మీక్కూడా రెండోదేనా?" అని జాలిపడ్డాడట పెద్దాయన. మర్నాడే దుకాణానికి వెళ్లాడు.

ఆ పై మ్యాచ్‌కు నేను సెలవు పెట్టి, ఆరో వరుసలో టికెట్టు కొనుక్కున్నాను. పెద్దాయన కళ్లద్దాలు పెట్టుకుని పావుగంట నోరు తెరుచుకుని ఆట చూశాడు. తర్వాత విసవిసా మెట్లు దిగి మామయ్య దగ్గరికి వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను.

"ఇవి నాకొద్దు, తీసుకోండి. ఇవి లేనప్పుడు మనవాళ్లు ఎంత బాగా ఆడేవాళ్లు!"

"సగం ఆట దాకా ఓపిక పట్టండి. కొత్త కళ్లద్దాలకు అలవాటు పడాలి" అన్నాడు మామయ్య.

"కళ్లద్దాలకు పడతాను. ఈ ఆటకెలా అలవాటు పడను?"

గొణుక్కుంటూ వచ్చి కూర్చున్నాడు. కూర్చుని ఊరుకున్నాడా! "ఏయ్ నాలుగో నంబరూ, నిద్రపోతున్నావా?" అని మొదలెట్టాడు. వీపుల మీద నంబర్లు చదవడం అదే మొదటిసారి కాబట్టి ఒక్కరినీ వదల్లేదు, అవతలి జట్టుతో సహా అందరినీ పేరుపేరునా, అంటే నంబరు నంబరునా తిట్టాడు. ఉన్నట్టుండి స్టేడియం భగ్గుమంది. గోల్!

పెద్దాయనకు అవతలి సీటావిడ ఫోన్‌లోంచి తలెత్తి అటూ ఇటూ చూసింది. తెర మీద ఏదో ప్రకటన వస్తోంది. చెవుల్లోంచి తీగలు లాగేసి పెద్దాయన వైపు వంగింది.

"ఎవరండీ కొట్టింది? నేను చూడలేదు."

పెద్దాయన టోపీ సర్దుకున్నాడు. కళ్లద్దాలు ఒక్క వేలితో పైకి జరిపాడు.

"పదకొండో నంబరు. ఎడమ కాలితో కొట్టాడు" అన్నాడు. ఆవిడ అంత శ్రద్ధగా వింటుంటే అక్కడితో ఆపబుద్ధి కాలేదు. "బూటు లేసు ఊడింది కూడా. చూశాను."