జత కలవని టైర్లు

కమలాకుమారికి ముల్లంటే భయం లేదు, ఆసక్తి. సైకిలు పంక్చరైతే మేమంతా ముల్లు పీకి, దాన్ని నాలుగు తిట్టి అవతల పారేసేవాళ్ళం. ఆమె మాత్రం దాన్ని అగ్గిపెట్టెలో వేసుకుని జగ్గయ్యపేటలో బసవయ్య సైకిల్ షాపుకి తెచ్చేది. ఇది పల్లేరుకాయా, తుమ్మముల్లా, ఏ చక్రంలో దిగింది, ఆ టైరు వేసి ఎన్నాళ్ళయింది అని ఆరా తీసేది. ముల్లుకి జాతకం రాస్తోందని అందరికంటే ముందు నవ్వినవాణ్ణి నేనే.

1981లో ఆమె మా వైపు పల్లెలకు టీకాల నర్సు. నేను వేదాద్రి వైపు ఒక పల్లెలో బడిపంతుల్ని. ఇద్దరం పేటలో ఉండేవాళ్ళం, మా దారీ ఒకటే. నాలుగు మైళ్ళు తారురోడ్డు, రెండు మైళ్ళు సున్నపురాళ్ళ బాట, చివర మైలున్నర నల్లరేగడి డొంక. ఎండాకాలం ఆ డొంకంతా పల్లేరుకాయలే. వాన పడితే రేగడి మడ్గార్డులో కూరుకుని చక్రాన్ని కదలనివ్వదు. అప్పుడు సైకిలు మనల్ని మొయ్యదు, మనమే దాన్ని భుజానికెత్తుకోవాలి.

మా పల్లె వంతు నెలకొక గురువారం. ఆ ఉదయం ఏడింటికి నందిగామ బస్సులో టీకామందు వచ్చేది. ఐసుముక్కలు వేసిన ఫ్లాస్కులో దాన్ని పెట్టుకుని ఆమె బయలుదేరేది. ఐసు కరిగితే మందు పనికిరాదు. జూన్ నెలలో రెండు పంక్చర్లూ, ఒక వానజల్లూ కలిసి ఆమెను పదకొండింటికి చేర్చాయి. ఫ్లాస్కు మూత తీస్తే లోపల గోరువెచ్చటి నీళ్ళు. మందంతా మా బడి వెనక పారబోసింది. కూలి మానుకుని కూర్చున్న తల్లులు పిల్లల్ని చంకనేసుకుని లేచారు. కలుపు కూలీల పెద్ద రత్తమ్మ మాత్రం తేల్చి చెప్పింది.

“ఈసారి తొమ్మిది దాకా చూస్తాం నర్సమ్మా. దాటితే పొలానికి పోతాం. ఇంక పిల్లల్ని అసలు తీసుకురాం.”

పక్క ఊళ్ళో కోరింత దగ్గుతో అప్పటికే ఇద్దరు పసివాళ్ళు పోయారు. ఆ సాయంత్రం సైకిలు తోసుకుంటూ నా పక్కన నడుస్తూ ఆమె ఏడ్చింది. మర్నాటి నుంచి ఏడుపు మాని టైర్లను చూడడం మొదలుపెట్టింది. గడువు ఒక్క నెల.

ఎవరి సైకిలు ఆగినా వంగి చూడడమే. పాలవాళ్ళవీ, పోస్టుమాన్‌దీ, ఊరూరా బట్టలమ్మే అచ్చయ్యదీ, దేన్నీ వదల్లేదు. టైరును బొటనవేలితో నొక్కేది. గాట్లలో ఎండిన మట్టిని పుల్లతో గీకి చూసేది. బసవయ్య మాట విని లోతు గాట్ల లావు టైర్లు జతగా వేయించుకుంది. ఎండ కాసినన్నాళ్ళూ బాగానే పోయాయి. వాన పడగానే ముందు టైరు గాట్లనిండా రేగడి పట్టి మడ్గార్డుకి బిగుసుకుపోయింది. ఈసారి అరిగిన సన్న టైర్లు వేయించింది. తారు మీద హాయిగా దొర్లాయి. బురదలో వెనక చక్రం ఉన్నచోటే తిరిగింది, పొడినేలకి వచ్చాక పల్లేరుకాయ దిగింది.

ఒకరోజు షాపు బల్లమీద రెండు అగ్గిపెట్టెలు బోర్లించింది. ముందు చక్రం ముళ్ళు నాలుగు, వెనక చక్రం ముళ్ళు పదిహేడు. పడి ఉన్న ముల్లును ముందు చక్రం లేపుతుందనీ, లేచినదాన్ని వెనకది తొక్కుతుందనీ ఆమె లెక్క. మట్టి మాత్రం ముందుదానికే పట్టేది. అందుకని ముందు అరిగిన సన్న టైరు, వెనక గాట్ల టైరు వెయ్యమంది. వెనకదాని లోపల, ముల్లు దిగకుండా, అంచులు కోసిన పాత టైరు పరచమంది.

బసవయ్య ససేమిరా అన్నాడు. షాపు పెట్టకముందు ఎడ్ల బేరాలు చేసిన మనిషి. ఎడ్లయినా టైర్లయినా జత కుదరాలన్నది ఆయన పట్టు. ఒకటి లావు, ఒకటి సన్నం బిగించి పంపితే పేటంతా నవ్వుతుందన్నాడు. నేనూ వంతపాడాను.

“బసవయ్యగారూ, దాపటెద్దుని తీసుకెళ్ళి వలపట కడతారా మీరు?” అందామె.

కాడికి ఎడమవైపు నడిచేది దాపటెద్దు, కుడివైపుది వలపటెద్దు. చూపుకి జతే అయినా దేని పని దానిదే, మార్చి కడితే మొరాయిస్తాయి. ఆ సంగతి ఆయనకొకరు చెప్పాలా? కాసేపు గడ్డం గోక్కున్నాడు.

“కట్టను. కూచోమ్మా, చక్రాలు విప్పుతా.”

ముందు మడ్గార్డు కూడా ఆయనే ఊడదీశాడు.

గురువారానికి ముందురోజంతా వాన. ఆమె వెళ్ళిన అరగంటకు నేను బయలుదేరాను. డొంక మొదట్లోనే నా సైకిలు బిగుసుకుంది. దాన్ని భుజానికెత్తుకుని నడుస్తూ, ఏ మలుపులోనో ఆమె కూడా మట్టి గీక్కుంటూ కనిపిస్తుందని చూశాను. నిజం చెప్పొద్దూ, కనిపిస్తే బాగుండునని కూడా ఒక మూల అనిపించింది. కనిపించింది జాడ మాత్రమే. ఒక నున్నటి గీత, ఒక గాట్ల గీత. తిన్నగా ఉన్నచోట ఒకదాని మీద ఒకటి, మలుపుల్లో విడివిడిగా. ఎక్కడ దిగిందోనని కాలిగుర్తులకోసం వెతికాను. వాగు దాటేచోట నాలుగడుగులు, అంతే.

బడి కంటపడకముందే పిల్లల ఏడుపు వినిపించింది. ఒకరూ ఇద్దరూ కాదు, ఇరవైమంది. పసివాళ్ళ ఏడుపు విని అంత సంతోషించడం నా జన్మలో ఆ ఒక్కసారే. పిల్లల్ని ముసలమ్మలకప్పగించి కలుపుకి పోతున్న రత్తమ్మ ఎదురొచ్చింది. నా భుజం మీది సైకిల్ని ఎగాదిగా చూసి, నర్సమ్మ ఎనిమిదిన్నరకే వచ్చిందని చెప్పి వెళ్ళిపోయింది.

వరండాలో కమలాకుమారి ఫ్లాస్కు వంచి, కరగకుండా మిగిలిన ఐసుముక్కల్ని ఏడ్చే పిల్లల చేతుల్లో ఒక్కోటి పెడుతోంది. నేను సైకిలు దించి, మడ్గార్డు ఊడదీయడానికి స్పానరుందా అని అడిగాను. ఆమె నా చేతిలోనూ ఒక ఐసుముక్క పెట్టింది.