గడప అవతల యాభై ఎనిమిది నిమిషాలు

ఉదయం ఆరు గంటలకు పక్కింటివాళ్ళు తలకాయ కాల్చడం మొదలుపెట్టారు. ఈ రోజు దసరా. మంటకు మేక వెంట్రుకలు కమిలే వాసన కిటికీలోంచి నా మంచం దాకా వచ్చింది. ఆ వెనకే వాళ్ళ టీవీలో ఎవరో ఈనాటి ఆట గురించి, పిచ్ గురించి గడగడా మాట్లాడుతున్నారు. నాకు డెబ్బై ఒక్క ఏళ్ళు. జనగామకు వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఆ వాసనా ఆ గొంతులూ విడివిడిగా వస్తే నేను నా పని చూసుకుంటాను. రెండూ ఒక్కసారే వస్తే మాత్రం మంగ్లి గుర్తొస్తుంది, చేతిలో ఉన్న పని ఆగిపోతుంది.

మంగ్లి మహబూబాబాద్‌లో మా పక్కింటి మనిషి. తండాలో పుట్టి పెరిగింది. రైలు పట్టాల మీద పనిచేసే భర్తతో పట్నానికి వచ్చింది. మా రెండిళ్ళకూ నడుమ నడుమెత్తు గోడ, ఆ గోడకు ఇటూ అటూ ఇరవై దసరాలు గడిపాం. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్దది. అయినా నేను ఆమెను పేరు పెట్టి పిలిచేదాన్ని, ఆమె నన్ను టీచరమ్మా అనేది. అది తప్పని అన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తోచలేదు. ఆ ఊళ్ళో నేను పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని.

నాకు నలభై ఒక్క ఏళ్ళు వచ్చేదాకా మా ఇంట్లో పండుగ వంట అత్తమ్మ చేసేది. మేము మహబూబాబాద్ వచ్చిన ఏడే ఆమె పోయింది. ఆ దసరాకు మా వారి అన్నదమ్ములు, పిల్లలు కలిసి పదకొండు మంది వచ్చారు. మాంసం మూడు కిలోలు. అరకిలోకు ఒకటిన్నర చెంచాల ఉప్పు అని అత్తమ్మ చెప్పిన మాట గుర్తుంది కాబట్టి తొమ్మిది చెంచాలు వేశాను. నీళ్ళు కూడా ఆరు రెట్లు పోయాలి. గిన్నె పట్టలేదని నీళ్ళు తగ్గించాను, ఉప్పు మాత్రం తగ్గించలేదు. ఒక ముక్క నోట్లో వేసుకుంటే ఉప్పు తప్ప ఏ రుచీ తెలియలేదు. వెనక వాకిట్లో గిన్నె ముందు కూర్చుని కాగితం మీద లెక్క మళ్ళీ వేసుకుంటుంటే గోడ అవతల నుంచి మంగ్లి చూసింది. గోడ దాటి వచ్చి, చారు అరచేతిలో వేసుకుని నాకి, నా కాగితం వంకా గిన్నె వంకా చూసింది.

“లెక్క తప్పలె టీచరమ్మా. గిన్నె చిన్నగైంది, గంతే.”

జొన్నపిండి ముద్దలు చేసి కూరలో వేసింది. తరువాత ఇంటికి పోయి, గంటలో ఇరవై రెండు జొన్నరొట్టెలు చేసుకుని తెచ్చింది. బగారన్నం పక్కన పెట్టి ముందు రొట్టె వడ్డించమంది. “రొట్టెల ఉప్పుండదు, కూరల ఎక్కువుంది. నోట్లకు పోయినంక రెండు కలుస్తయి” అంది. అలాగే జరిగింది. మా మరిది సమ్మయ్య అయిదు రొట్టెలు తిని, వదినె చేతిలో అమ్మ చేయి దిగిందన్నాడు. ఆ మెప్పు నాది కాదని నేను చెప్పలేదు. మంగ్లి వెనక తలుపు అవతల నిలబడి వింటూనే ఉంది.

ఆ తరువాత వంట ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆమె అన్నీ చేతి కొలతలతో చేసేది. నాకు కొలతలు అంకెల్లో కావాలి. అందుకని బడి నుంచి తూకం తెచ్చి ఆమె గుప్పెడు కారం తూచాను. మూడుసార్లు తూచినా రెండు గ్రాముల తేడా రాలేదు. “నా చేతిని తూస్తున్నవ్ మంచిదే. మరి తినేటోని ఆకలి దేంతోని తూస్తవ్?” అని నవ్వింది. ఎండుకొబ్బరి ఏ రంగుకు వచ్చేదాకా వేయించాలి, తలకాయ కూరలో నీళ్ళు ఎప్పుడు పోయాలి, జొన్నపిండిని ఎంత వేడి నీళ్ళతో తడపాలి, అంతా ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉందని కూడా ఆమే చెప్పింది. పండుగనాడు పిలిచిన చుట్టం మొదటి ముద్ద తినేదాకా ఇంట్లో ఎవరూ ముట్టరు, ఆకలైన పిల్లలు కూడా. చుట్టాన్ని కబురు పెట్టి పిలవరు, ఇంటి పెద్ద స్వయంగా వెళ్ళి తీసుకొస్తుంది. అది వంటకు సంబంధించింది కాదని నేను రాసుకోలేదు.

అదే నోటుబుక్కును వెనక నుంచి తిప్పితే ఆటల లెక్క. మా ఇల్లంతా క్రికెట్ పిచ్చి. టీవీలో కనిపిస్తున్నా నేను ప్రతి బంతికీ పరుగులు రాసేదాన్ని. పండుగ భోజనం కూడా ఆటను బట్టే నడిచేది. గారెలు మొదటి జట్టు ఆడేటప్పుడు, అన్నం రెండు జట్ల ఆటకూ మధ్య విరామంలో. ఆట బిగిసిన వేళ ఎవరు ఎక్కడుంటే అక్కడే ఉండాలన్నది మా ఇంటి కట్టుబాటు. మన జట్టుకు కలిసొస్తున్నప్పుడు ఎవరైనా కదిలితే వికెట్ పోతుందని నమ్మకం. సమ్మయ్య ఒకసారి మంచినీళ్ళ చెంబు పట్టుకుని ఎనిమిది ఓవర్లు నిలబడ్డాడు. ఇది అర్థం లేనిదని లెక్కల టీచరుకు తెలియదా? తెలుసు. అయినా ఎవరు ఎక్కడున్నప్పుడు ఏమైందో రాసిపెట్టింది నేనే.

అలా రాయగా ఒక సంగతి తేలింది. మంగ్లి పండుగ కూర గిన్నె ఇవ్వడానికి వచ్చి ముందు గడప అవతల నిలబడి ఆట చూసిన రోజులు ఏడు. ఏడింటికి ఏడూ గెలిచాం. అది నేనే అందరికీ చదివి వినిపించాను. అప్పటి నుంచి ఆమె వస్తే చాలు, మా వాళ్ళు గడప వైపు చూసి చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆమె మొదటిరోజు అక్కడ ఎందుకు నిలబడిందని నన్నెవరూ అడగలేదు. నేను లోపలికి రమ్మనలేదు, అందుకు నిలబడింది. మేము దానికి అదృష్టమని పేరు పెట్టుకున్నాం.

పదకొండేళ్ళ కింద దసరానాడు పెద్ద ఆట వచ్చింది. ఎక్కడో దూరదేశంలో ఆడుతున్నారు, మనకు ఉదయమే మొదలైంది. మధ్యాహ్నం మూడు గంటల ఇరవై రెండు నిమిషాలకు మనవాళ్ళకు డెబ్బై రెండు బంతుల్లో తొంభై రెండు పరుగులు కావాలి, ఆరు వికెట్లు పోయాయి. అప్పుడే మంగ్లి గడప దగ్గరికి వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, తలకు నూనె రాసుకుంది. మరుసటి బంతి సిక్సర్. ఇల్లు దద్దరిల్లింది.

“టీచరమ్మా, ఒక్క మాట…” అంది.

నేను పుస్తకం మీంచి తల ఎత్తకుండా అరచేయి అడ్డం పెట్టాను. “మాట తర్వాత. కదలకు మంగ్లీ.”

“మంగ్లక్కా, నువ్వు కదిల్తె వికెట్ పోతది. జర గాడనే ఉండు” అన్నాడు సమ్మయ్య.

ఆమె నవ్వింది. నిలబడింది. అప్పటికి ఆమెకు అరవై రెండేళ్ళు, ఎడమ మోకాలు వంగదు. కాసేపు ఈ కాలి మీద, కాసేపు ఆ కాలి మీద బరువు మార్చుకోవడం నాకు కనిపిస్తూనే ఉంది. నడుమ ఒక ఆటగాడికి దెబ్బ తగిలి ఆట కొంతసేపు ఆగింది. అప్పుడామె మళ్ళీ నోరు తెరిచింది, మా వారు ఉష్ అన్నారు. ప్రతి ఓవరు చివర పుస్తకంలో ‘గడప: మంగ్లి’ అని రాసి పక్కన ఒక టిక్కు పెట్టాను. పన్నెండు టిక్కులు. నాలుగు గంటల ఇరవై నిమిషాలకు గెలిచాం. అందరూ అరుచుకుంటూ వీధిలోకి వెళ్ళారు, అక్కడి నుంచి జమ్మి తేవడానికి. వాకిలి ఖాళీ అయ్యాక చూస్తే మంగ్లి లేదు. ఏదో మాటన్నది కదా, రేపు అడగొచ్చులే అనుకున్నాను.

రేపు అడగడానికి నేను వెళ్ళలేదు. పొద్దున్నే గోడ దగ్గర ఆమె కూతురు శాంతి కనిపించింది. లేక లేక కలిగిన పిల్ల, భూపాలపల్లిలో ఒక దవాఖానలో నర్సు పని దొరికి నెల కావస్తోంది. మొదటి జీతంతో ఆ పండుగ చేశారట. తండా నుంచి చుట్టాలను పిలిచారట. ఇంట్లో పద్దెనిమిది మంది. పెద్ద చుట్టాన్ని నేనట.

“మా యాడి మిమ్మల్ని తోల్కొస్తనని పోయింది. మీరు ముట్టంది ఎవ్వరు ముట్టొద్దన్నది. పిల్లలు ఏడ్వబట్టిండ్రు” అంది శాంతి. తల్లిని వాళ్ళ మాటలో యాడి అంటుంది. నా మొహంలోకి చూడలేదు. “వచ్చి ఏం చెప్పిందో ఎరికేనా? టీచరమ్మ కడుపు నిండ ఉన్నదట, పొద్దుగూకినంక వస్తదట, మనం తిందాం అన్నది.”

అప్పుడు గానీ నాకు తట్టలేదు. అంతకుముందు పంతొమ్మిది దసరాలకూ మంగ్లి చేతిలో గిన్నెతో వచ్చింది. నిన్న చేతులు ఖాళీగా వచ్చింది. ప్రతి బంతీ రాసిన నేను ఆ ఖాళీ చేతులు చూడలేదు. ఆమె ఇంట్లో నేను తిన్న భోజనాలు సున్నా. పద్దెనిమిది మందీ ఆకలితో యాభై ఎనిమిది నిమిషాలు, అంటే మొత్తం పదిహేడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. ఈ హెచ్చవేత అక్కడే గోడ దగ్గర నిలబడి మనసులో వేశాను. అది ఎందుకు వేశానో ఇప్పటికీ తెలియదు.

క్షమించమని అడగాల్సింది. మిగిలిన గారెలు డబ్బాలో పెట్టుకుని పోయి, “ముందే చెప్పొద్దా మంగ్లీ” అన్నాను. తప్పు ఆమెదే అయినట్టు. ఆమె డబ్బా అందుకుని పక్కన పెట్టింది.

“మీరు ఆటల ఉన్నరు గద” అంది. అంతే. కొత్త సంవత్సరం రాకముందే వాళ్ళు భూపాలపల్లికి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు నేను బడి పిల్లల ట్యూషన్ ఉందని ఇంట్లోనే ఉన్నాను. ట్యూషన్ అయిదు గంటలకు. వాళ్ళ బండి పదకొండు గంటలకు కదిలింది.

మా వారు పోయాక నేను జనగామ వచ్చాను. అయిదేళ్ళ కింద ఒక దసరాకు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి హనుమకొండ, పరకాల మీదుగా భూపాలపల్లి వెళ్ళాను. శాంతి ఇల్లు వెతుక్కుని గడప దగ్గర ఆగిపోయాను. లోపల మంగ్లి కింద కూర్చుని రొట్టె చేస్తోంది. రొట్టె తట్టే చప్పుడు అప్పటిదే.

“గడప కాడ ఎందుకు నిలవడ్డవ్ టీచరమ్మా? లోపటికి రా” అంది, నేను నిన్ననే వచ్చి పోయినట్టు.

చెప్పులు విడిచి లోపలికి వెళ్ళాను. “మంగ్లక్కా, ఆ రోజు నీకు కాళ్ళు…” అన్నాను. ఆమెను అక్కా అనడం అదే మొదలు.

“నొచ్చినయ్. అబద్ధమెందుకు చెప్పాలె” అంది రొట్టె తిప్పుతూ. “కని నాకు గది కాదు యాదికొచ్చేది. ఆనాడు కూర మస్తు మంచిగైంది. నువ్వు తినలె.”

నన్ను పొయ్యి పక్కన కూర్చోబెట్టి, తను ముట్టకుండా నాకు మొదట పెట్టింది. శాంతి పిల్లలు పళ్ళాలు ముందు పెట్టుకుని నా నోటి వంక చూస్తున్నారు. గబగబా ముద్ద పెట్టుకున్నాను. ఉప్పు సరిపోయిందా అని అడిగింది మంగ్లి. సరిపోయిందని ఎవరైనా అంటారు. కానీ ఆమె నాకు అబద్ధం చెప్పలేదు. “చిటికెడు తక్కువైందక్కా” అన్నాను. ఆమె ఉప్పుడబ్బా నా వైపు జరిపి, “నువ్వే వెయ్యి. నీ లెక్క నాకెట్ల ఎరుక” అంది. నేను వేశాను. ఆమె తిన్నది. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. పోయిన వానాకాలం ఆమె పోయిందని శాంతి ఫోన్ చేసి చెప్పింది.

నోటుబుక్కు ఇంకా నా దగ్గరే ఉంది. ముందు నుంచి తెరిస్తే ఆమె గుప్పెడు తూకం, వెనక నుంచి తెరిస్తే పన్నెండు టిక్కులు. వెనక పేజీ చింపేయాలని రెండుసార్లు అనుకున్నాను. చింపితే లెక్క పోతుంది, అందుకే ఉంచాను. పాలు పోసే ఆమె వచ్చినా, కరెంటు మీటరు చూసే అతను వచ్చినా ముందు లోపలికి రమ్మని, కుర్చీ చూపించి, ఆ తరువాతే పని అడుగుతాను. వాళ్ళకు తొందరగా ఉంటే విసుక్కుంటారు కూడా.

ఈ రోజు ఆ వాసన వచ్చాక లేచి, చెప్పులు లేకుండా గడప అవతల నిలబడ్డాను. పక్కింటి టీవీ వినిపిస్తోంది. గోడ గడియారం వాకిట్లోకి కనిపిస్తుంది. దేనికీ ఆనుకోలేదు, ఆమె ఆనుకోలేదు కనుక. ముప్పై ఒకటో నిమిషానికి మోకాళ్ళు ఆగలేదు, మెట్టు మీద కూర్చున్నాను. ఇంకా ఇరవై ఏడు నిమిషాలు మిగిలాయి.