వాల్ట్రౌట్ కోసిన టేపు

పశ్చిమ బెర్లిన్‌లో నాలుగో అంతస్తు వాటాలో ఉండే వాల్ట్రౌట్ క్నోపె, రేడియోలో ముప్ఫై ఒక్క ఏళ్లు టేపులు కోసి అతికించే పని చేసి రిటైరైంది.

1977 శీతాకాలంలో ఆమె పై వాటాలోకి క్లైవ్ హారప్ దిగాడు. ఇంగ్లండులో అతని రాక్ పాటలకు జనం ఊగిపోయేవారు. అవే పాటలు పాడీ పాడీ విసుగెత్తి, కొత్తగా ఏదైనా చేసి చూద్దామని వచ్చాడు. నీళ్ల గొట్టాల చప్పుడూ, రైలు రొదా టేపు మీదికెక్కించి, ముక్కలు అతికించి, రెండు కొసలూ కలిపి చుట్టలా చేసి, అదే పనిగా తిప్పేవాడు.

మూడు రోజులు ఓర్చుకుని, ఓ మధ్యాహ్నం వాల్ట్రౌట్ వెళ్లి తలుపు తట్టింది.

"గోలగా ఉందా? తగ్గిస్తానండీ" అన్నాడు క్లైవ్, వచ్చీరాని జర్మన్‌లో.

"గోలకేం గానీ, నీ టేపు కుంటుతోంది బాబూ. అతుకు వచ్చినప్పుడల్లా టిక్కుమంటోంది. చెవిలో ముల్లు గుచ్చినట్టుంది."

లోపలికి వెళ్లి చూసింది. "రొట్టె కోసినట్టు అడ్డంగా కోసేశావేం? ఏటవాలుగా కోయాలి."

చేత్తో యంత్రం మీది టేపు చక్రాన్ని అటూ ఇటూ తిప్పి, అతుకున్న చోటు పట్టుకుని, బ్లేడుతో కోసి అతికించింది. ఈసారి అతుకెక్కడుందో క్లైవ్‌కి వినిపించలేదు.

"రేపు కూడా వస్తారా?"

"వస్తాను. కాఫీ మాత్రం నేనే తెచ్చుకుంటాను. నీ కాఫీ మాడు వాసన మెట్లదాకా కొడుతోంది."

రోజూ వెళ్లింది. మొదట అతను చెప్పినట్టే కోసేది. ఫిబ్రవరిలో ఒక రోజు రెండు టేపులు తీసి, ఒకదాన్ని బెత్తెడు పొడుగుంచి, రెండూ కలిపి తిప్పింది. చప్పుళ్లు కలుస్తూ, విడిపోతూ, ఏ రెండుసార్లూ ఒకలా లేవు. క్లైవ్ కుర్చీ లాక్కుని కూర్చుండిపోయాడు.

వసంతంలో లండన్ నుంచి క్లైవ్ రికార్డు కంపెనీ ఆయన వచ్చి విన్నాడు. "ఇందులో పాటేది? కనీసం డ్రమ్స్ పెట్టించు" అన్నాడు. క్లైవ్ తటపటాయించాడు.

వాల్ట్రౌట్ తటపటాయించలేదు. "ఇన్నేళ్లూ ఎవరో గీత గీసిన చోట కోశాను. ఇది నాకు తోచిన చోట కోశాను. దీని మీద డప్పు పడిందంటే నా పేరు తీసేయండి."

క్లైవ్ ఆమెవైపే నిలబడ్డాడు. రికార్డు అలాగే వచ్చింది. అంతగా అమ్ముడుపోలేదు. అట్ట మీద మాత్రం ఇద్దరి పేర్లూ ఒకే సైజు అక్షరాల్లో ఉన్నాయి.

వాల్ట్రౌట్ దాన్ని ష్పాండావులో ఉండే చెల్లెలు గెర్లిండె ఇంటికి తీసుకెళ్లి వినిపించింది.

"అక్కా, దీన్ని సంగీతమంటారా?"

"అంటారు. చేసినదాన్ని, నాకు తెలీదా?"

క్లైవ్ ఇంగ్లండు వెళ్లిపోతూ ఒక టేపు యంత్రం ఆమెకిచ్చాడు. అరవయ్యో పుట్టినరోజు నాటికి వాల్ట్రౌట్ తన సొంత రికార్డు మొదలుపెట్టింది.