దారంతో నడిపిన కారు

మార్కాపురంలో నాది మోటార్ల వైండింగ్ షాపు. బోర్లలో కాలిపోయిన మోటార్లు వస్తే కొత్త రాగితీగ చుట్టి పంపిస్తుంటాను. ఇలాంటి పని చేసేవాడికి పాతకాలపు స్పోర్ట్స్ కార్ల మీద మోజేమిటని చాలామంది అడిగారు. చిన్నప్పుడు మా నాయనతో గొర్రెల వెంట తిరిగేవాణ్ణి. ఏడాదికి మూడు నాలుగుసార్లు క్షవరానికి నన్ను కొమరోలు తీసుకుపోయేవాడు. ఆ దుకాణం గోడకు ఒక క్యాలెండర్ ఉండేది. దాని మీద ఎర్ర కారు బొమ్మ. రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముందుభాగం పొడుగ్గా, నేలకు ఆనినట్టు ఉండేది. సంవత్సరం మారినా దుకాణమాయన దాన్ని తీసేయలేదు. నా వంతు వచ్చినప్పుడు ఇంకొకరిని ముందు కూర్చోమని చెప్పి ఆ బొమ్మనే చూస్తూ ఉండేవాణ్ణి.

నాకు నలభై దగ్గర పడుతుండగా గిద్దలూరులో ఒక ఇంటికి మోటారు బిగించడానికి పోయాను. వెనక రేకుల షెడ్డులో గోనెసంచుల కింద అలాంటి కారే ఉంది. సీట్లలో కోళ్లు గుడ్లు పెడుతున్నాయి. ఆ ఇంటి పెద్దాయన, "మా పిల్లోళ్లకు ఎవరికీ అక్కర్లేదు నాయనా, నువ్వన్నా తీసుకుపో" అన్నాడు. ట్రాక్టర్ ట్రాలీలో ఎక్కించుకుని తెచ్చాను. అది మళ్లీ రోడ్డెక్కడానికి మూడేళ్లు పట్టింది. అప్పటికి మా అమ్మాయికి పదేళ్లు.

ఆ కారు మీద నాకున్న ఇష్టం మా అమ్మాయికి కూడా అంటుకుంటుందని ఎంతో ఆశపడ్డాను. ప్రతి ఆదివారం పొద్దున్నే బానెట్ ఎత్తి, పక్కన స్టూలు మీద దాన్ని నిలబెట్టి, ఇది కార్బురేటర్, ఇది డిస్ట్రిబ్యూటర్ అని చూపించేవాణ్ణి. మరుసటి ఆదివారం మళ్లీ అడిగేవాణ్ణి. చెప్పలేకపోతే నా ముఖం చిన్నబోయేది. అది గమనించి పాపం ఏదో ఒక పేరు చెప్పేసేది. ఒకరోజు నా భార్య వంటింట్లోంచే అంది: "నువ్వు దానికి పాఠం చెప్తాండావు. అది పరీక్ష రాసేదానికి రాలేదు."

బడి దగ్గర దించడానికి ఆ కారులో తీసుకుపోతే, ఒక సందు ముందే ఆపమనేది. ఎందుకని అడిగాను. తల వంచుకుని, "మీ కారు లేచి నిలబడలేదా, కూర్చోనే ఉందా అని నవ్వుతాండారు నాయనా" అంది. నవ్వు వచ్చింది, బాధా వేసింది. మరునాటి నుంచి మోటార్ సైకిల్ మీదే దించాను. ఆదివారం పాఠాలూ మానేశాను. నా ఇష్టం నాతోనే పోతుందిలే అనుకున్నాను.

ఆ చలికాలంలో కొమరోలులో మా అత్తగారింట్లో ఏదో శుభకార్యం. ఉన్నవి రెండే సీట్లు కాబట్టి నా భార్య సామానుతో ముందే బస్సులో పోయింది. అమ్మాయి, నేను కారులో బయలుదేరాం. అది ముఖం దాకా శాలువా కప్పుకుని కూర్చుంది. గిద్దలూరు దాటి ఐదారు మైళ్లు పోయామో లేదో, నా కాలి కింద యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదులైపోయింది. ఇంజన్ ఆగలేదు కానీ బండి ముందుకు పోవడం లేదు. పక్కకు ఆపి చూస్తే కేబుల్ తెగిపోయింది. రెండు వైపులా కందిచేలు. దుకాణం లేదు, మనిషి లేడు.

"ఇప్పుడెట్ల నాయనా?" అంది, ఏడుపు గొంతుతో.

డిక్కీలో నా పనిసంచి ఉంది. అందులో మోటారు కాయిల్స్ కట్టే గట్టి నూలుదారం ఉంది. యాక్సిలరేటర్ తొక్కితే కేబుల్ చేసే పనల్లా కార్బురేటర్ దగ్గరున్న చిన్న మీటను లాగడమే. దారాన్ని ఆ మీటకు కట్టి, బానెట్ సందులోంచి పైకి తీసి, ముందు అద్దం మీదుగా లోపలికి వేశాను. కొస మా అమ్మాయి చేతికి ఇచ్చాను.

"లాగితే పోతాది. వదిలితే తగ్గుతాది. నేను గేరు మార్చేటప్పుడు వదలాల."

"నేనా?"

"నాకు స్టీరింగుకు, గేరుకే చేతులు చాలవు కదమ్మా."

మొదట గట్టిగా లాగేసింది. ఇంజన్ గట్టిగా అరిచింది. భయపడి పూర్తిగా వదిలేసింది. కారు గుంజుకుని ఆగిపోయింది. నాలుగుసార్లు అట్లాగే అయింది. కోప్పడలేదు నేను. కోప్పడే స్థితిలో లేను కూడా. ఐదోసారి మెల్లగా కదిలింది. "లాగు... ఇంకొంచెం... వదులు!" అని నేను చెబుతూ ఉంటే, అది పళ్లు బిగించి, రెండు చేతులతో దారం పట్టుకుని, రోడ్డు వైపు చూడకుండా బానెట్ వైపే చూస్తోంది.

రెండు మైళ్లు పోయాక "వదులు" అనబోయేంతలో, నేను అనకముందే వదిలింది. రెండో గేరు నుంచి మూడుకు వెన్నలో చాకు దిగినట్టు పడింది. ఇన్ని నెలలుగా నేను నడుపుతున్నా అంత మెత్తగా ఎప్పుడూ పడలేదు.

"ఎట్ల తెలిసిందమ్మా?"

"నువ్వు చెప్పొద్దు నాయనా. దానికి ఆయాసం వచ్చేది నాకు వినిపిస్తాంది."

ఆ తర్వాత లాగమని, వదలమని చెప్పడం మానేశాను. చిన్న ఎత్తు వస్తే అదే కొంచెం ఎక్కువ లాగేది. దిగుడు వస్తే వదిలేది. ఒకచోట గొర్రెల మంద అడ్డం వచ్చి ఆగాం. మంద తోలుతున్న పెద్దాయన కర్ర భుజానికి ఆనించి, అద్దం మీదున్న దారాన్ని, దాని కొస పట్టుకున్న పిల్లను మార్చి మార్చి చూశాడు.

"ఏందన్నా, కారుకు ముక్కుతాడు వేసినారా?"

నేను నోరు తెరిచేలోగా అమ్మాయి, "అవును తాతా, పగ్గం నాదే!" అంది. ఆయన పగలబడి నవ్వి గొర్రెలను పక్కకు అదిలించాడు.

కొమరోలు చేరేసరికి అందరూ భోజనాలకు కూర్చుంటున్నారు. నా భార్య వీధిలోకి వచ్చి పిల్ల చేతులు చూసింది. వేళ్ల మీద దారం కోసిన ఎర్రటి గీతలు. "పిల్ల చేత ఇంత పని చేయిస్తావా?" అని నా మీదికి వచ్చింది. అమ్మాయి మాత్రం చేతులు వెనక్కి దాచుకుని, "నొప్పి లేదులేమా. నాయన స్టీరింగే తిప్పినాడు, కారు నేను తెచ్చినా" అంది. ఆ సాయంత్రం దాకా చుట్టాలందరికీ ఆ కథే చెప్పింది. ఒక్కొక్కరికి చెప్పినప్పుడల్లా దారిలోని ఎత్తులు ఇంకా పెరిగాయి.

మర్నాడు ఒక మెకానిక్ దగ్గర పాత స్కూటర్ కేబుల్ దొరికితే, తనే బిగిస్తానని పట్టుబట్టింది. స్క్రూ రెండుసార్లు మట్టిలో పడేసింది. నేను వెతికి ఇచ్చానే తప్ప చెయ్యి పెట్టలేదు. ఇంటికి వచ్చిన తర్వాతి ఆదివారం తనే స్టూలు తెచ్చుకుంది. ఈసారి అడిగేది అది, జవాబు చెప్పేది నేను. నాకు తెలియనివి ఎన్ని ఉన్నాయో ఆ రోజుల్లోనే తెలిసింది.

ఇప్పుడు దానికి పదహారేళ్లు. కారు అందం దానికి పెద్దగా పట్టదు, రంగు వెలిసినా ఊరుకుంటుంది. ఇంజన్ చప్పుడులో రవ్వంత తేడా వస్తే మాత్రం అన్నం సహించదు. పోయిన నెల పలకల గనుల పక్కనున్న ఖాళీ మైదానంలో మొదటిసారి దాన్ని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. నేను ఎడమ పక్క కూర్చున్నాను. ఆ కారులో నేనెప్పుడూ అటు కూర్చోలేదు. బండి కదిలింది. తెలియకుండానే లేని బ్రేకును నా కాలు నొక్కి పట్టుకుంది.

"నాయనా, కాలు తీయి. నాకు తెలుసు" అంది, నా వైపు తిరక్కుండానే.

తీశాను.