సత్తెమ్మ బర్రె, నా సైలెన్సర్

నవ్వకూడదు. ముందే చెప్తున్నాను, మధ్యలో ఎవరు నవ్వితే టీ బిల్లు వాళ్లదే. కొన్నాళ్లుగా నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరునో, పాలేరునో నాకే అంతుపట్టడం లేదు. ఇదంతా చేసింది ఒక సైలెన్సర్! కాదులెండి, సైలెన్సర్ ఏం చేస్తుంది పాపం. చేసిందంతా నేనే.

కొత్తగూడలో నా పోర్షన్ సంగతి మీకు తెలుసుగా. దాని కోసం ఎన్ని గడపలు ఎక్కి దిగానో! ఇల్లు అడిగితే 'పెళ్లికానివాళ్లకి ఇవ్వమండీ, పెళ్లి చేసుకుని రండి' అంటారు. మా కాబోయే మామగారేమో 'ముందు ఇల్లు చూపించు బాబూ, తర్వాత లగ్నపత్రిక రాసుకుందాం' అంటారు. ఇద్దరి మధ్యా నేను! చివరికి సత్తెమ్మ అనే ఆవిడ జాలిపడి రెండు గదులు కిరాయికిచ్చింది. ఇంటి ముందు పెద్ద వాకిలి, వాకిట్లో ఓ పక్కన రేకుల కొట్టం, కొట్టంలో ఆవిడ బర్రె. పేరు ముత్యాలు. మామగారు కాకినాడ నుంచి వచ్చి కుళాయిలు తిప్పి చూశారు, కిటికీలు తీసి మూశారు, 'ఇల్లు బాగుంది' అన్నారు. నా గురించి ఏమీ అనలేదు. అంటే శ్రావణంలో జరగబోయే ఈ పెళ్లి నా మీద నిలబడలేదు, ఆ ఇంటి మీద నిలబడింది!

ఇక బండి. నాది సెకండ్ హ్యాండ్ టూ-స్ట్రోక్. మంచి బండే, వంక పెట్టడానికి లేదు. కానీ మా టీంలో నా పక్క సీటు డేవిడ్ ఉన్నాడు చూశారూ, వాడు ఇవాళ లీవు కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, వాడొకరోజు పార్కింగ్‌లో నిలబడి "బ్రదర్, ఇదేం సౌండు? మా అమ్మమ్మ గురక దీనికంటే గట్టిగా ఉంటుంది" అన్నాడు. అక్కడే ఇద్దరు ముగ్గురు ట్రైనీ అమ్మాయిలు ఉన్నారు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఆ శనివారమే వాణ్ని వెంటబెట్టుకుని వెళ్లి, కంపెనీ సైలెన్సర్ పీకించేసి, రేసింగ్ సైలెన్సర్ అని ఒకటి పెట్టించా. లోపల జాలీ లేదు, గీలీ లేదు. ఉత్త గొట్టం!

అబ్బ, ఏం సౌండండీ! కొత్తగూడ నుంచి హైటెక్ సిటీ దాకా రోడ్డుకి అటూ ఇటూ రాళ్ల గుట్టలే కదా. నా సౌండు వెళ్లి గుట్టకి కొట్టుకుని మళ్లీ నా దగ్గరికే వచ్చేది. మొదటిరోజు వెనకాల ఎవడో పెద్ద బండిమీద వస్తున్నాడనుకుని నాకు నేనే సైడిచ్చా. వాడు ఎంతకీ దాటడే!

ఈ వై-టూ-కే తేదీలు దిద్దే పని పుణ్యమా అని నాకు తెల్లవారుజాము షిఫ్టు. కంప్యూటర్లు తక్కువ, మనుషులు ఎక్కువ, ముందు వెళ్లినవాడిదే సీటు. అందుకని చీకటితోనే లేచి, కొట్టంలో ముత్యాలు పక్కనే పెట్టుకున్న బండికి కిక్ కొట్టి, ఇంజన్ వేడెక్కేదాకా రేస్ చేసేవాణ్ని. సరిగ్గా అదే టైముకి సత్తెమ్మ పాలు పితకడానికి కూర్చునేది. మొదట్లో బర్రె బెదిరింది.

"ఏంది బిడ్డా గీ సప్పుడు? బర్రె ఆగమైతున్నది!" అని సత్తెమ్మ మొత్తుకుంది.

"రెండ్రోజుల్లో అదే అలవాటవుతుందమ్మా" అన్నా నేను, అన్నీ తెలిసినవాడిలా. అన్నట్టే అలవాటైంది. వారం తిరిగేసరికి నేను రేస్ ఇస్తుంటే ముత్యాలు హాయిగా కళ్లు మూసుకుని నెమరు వేసేది. అలా ఓ రెండు నెలలు నా దర్జాకి అడ్డులేకుండా పోయింది.

తర్వాత కొత్తగూడ చౌరస్తాలో ట్రాఫిక్ ఎస్సై గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"బంద్ చెయ్, బంద్ చెయ్. ఏంది తమ్మీ, గిది బండా, హెలికాప్టరా?"

నోరు మూసుకుని సారీ చెప్పొచ్చు కదా? చెప్పను! ఇంజనీర్ని కదా! "సార్, బండి సౌండుకి చట్టంలో లిమిట్ ఉంటుంది, అది డెసిబెల్స్‌లో కొలవాలి. మీరు కొలిచారా? మీటరేదీ?" అన్నా.

ఆయన కోప్పడితే బాగుండేది. నవ్వాడు. "మీటర్ గావాల్నా? సరే. బండి చాలు చెయ్. రేస్ ఇయ్యి. ఇంకా ఇయ్యి. ఆఁ, ఇప్పుడు నీ పేరు చెప్పు."

చెప్పాను. "ఏందీ?" అన్నాడు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని. అరిచాను. "మీ నాయిన పేరు?" అదీ అరిచాను. "ఏం పని జేస్తవ్?" గొంతు చించుకున్నా. ఇంతలో రోడ్డుకి అవతల ఇడ్లీబండి దగ్గర తింటున్న ఒకాయన లేచి నిలబడి "సార్! ఆయన పేరు శ్రీనివాసరావంట! తండ్రి సుబ్బారావంట! కంప్యూటర్ల పనంట!" అని కేక పెట్టాడు.

ఎస్సై గారు నన్ను ఆపమని సైగ చేసి, "జూసినవా? గాడ ఉన్నోనికి ఇనవడ్డది. నీ పక్కన నిలవడ్డ నాకు ఇనవడలే. గిదే నా మీటర్" అన్నాడు. చౌరస్తా మొత్తం నవ్వింది. తర్వాత నెమ్మదిగానే చెప్పాడు లెండి. కంపెనీ పెట్టిన సైలెన్సర్ తీసేసి ఇలాంటివి తగిలించడం చట్టప్రకారం తప్పట, పెద్దవాళ్లుంటారు, పసిపిల్లలుంటారు, దవాఖానలుంటాయి, ఎవరికి నచ్చినంత సప్పుడు వాళ్లు చేస్తామంటే కుదరదట. జరిమానా రాసి, సైలెన్సర్ అక్కడే ఊడదీయించి తీసేసుకుని, "మల్ల దొరికినవనుకో, ఈసారి బండే స్టేషన్ల ఉంటది" అన్నాడు. బండి నెట్టుకుంటూ ఇంటికెళ్లి, మంచం కింద నుంచి పాత సైలెన్సర్ తీసి బిగించుకున్నా.

మర్నాడు బుద్ధిమంతుడిలా స్టార్ట్ చేశా. అమ్మమ్మ గురక. ముత్యాలు తల తిప్పి నా వైపు చూసింది. సత్తెమ్మ చెంబు పట్టుకుని కూర్చుంది, దూడని వదిలింది, పొదుగు నిమిరింది, తవుడు పెట్టింది. చుక్క రాలేదు! పొదుగులోకి పాలు దించుకోవడాన్ని 'చేపడం' అంటారని నాకు ఆ రోజే తెలిసింది. ముత్యాలు చేపలేదు. మర్నాడూ చేపలేదు. సత్తెమ్మ దిష్టి తీసింది. పశువుల డాక్టరు వచ్చి, చూసి, "బర్రెకేం కాలేదు, మంచిగున్నది" అని ఫీజు తీసుకుని పోయాడు. నేనూ పక్కన నిలబడి "అయ్యో పాపం" అంటూనే ఉన్నా. నాకేం తెలుసు?

ఆ మర్నాడు సత్తెమ్మ చెంబు కింద పెట్టి బండి వైపు చూసింది, నా వైపు చూసింది.

"బిడ్డా, నీ బండికేమైంది?"

"ఏం కాలేదమ్మా. బాగుపడింది."

"గదే! గా సప్పుడు లేకుంటే నా బర్రె చేపుతలేదు! నువ్వు బుర్రుమనంగనే పాలు దించుడు దానికి అలవాటైంది. అలవాటు చేసినోనివి నువ్వే, చేపిచ్చెటోనివి నువ్వే. చేపిస్తవా చేపియ్యి. లేకుంటే రూం ఖాళీ చెయ్. పాలు అమ్ముకుని బతికెటోళ్లం, పరేషాన్ చెయ్యకు."

నవ్వకండి. శుభలేఖలు ప్రెస్సులో ఉన్నాయి. ఇల్లు పోతే మామగారికి ఏమని చెప్పను? 'మావయ్యగారూ, బర్రె చేపలేదండీ, అందుకని మీ అమ్మాయికి ఇల్లు లేదండీ' అననా? మళ్లీ ఆ సౌండు పెడితే బండి స్టేషన్‌కి పోతుంది. పెట్టకపోతే ఇల్లు పోతుంది. ఇల్లు పోతే పెళ్లి పోతుంది!

సిగ్గు విడిచి చెప్తున్నా, మర్నాడు బర్రె పక్కన నిలబడి నోటితో చేశా. డుర్ర్ర్ర్! డుడుడుడు! గేర్లు కూడా మార్చా. సత్తెమ్మ కింద నుంచి "జర గట్టిగ బిడ్డా, జర గట్టిగ" అని ఎగదోస్తోంది. ముత్యాలు నెమరు ఆపేసి నా మొహంలోకి చూసింది. ఆ చూపు నాకు తెలుసు. అప్రైజల్ రోజు మేనేజర్ చూసే చూపే. దూడ ఒక్కటే మెచ్చుకుని నా మోచెయ్యి నాకింది.

ఇదంతా మొదలుపెట్టించినవాడు డేవిడే కాబట్టి వాణ్ని పట్టుకున్నా. వాడు "దీనికింత ఏడుస్తావేంటి బ్రదర్?" అని టేప్ రికార్డర్ తీసుకుని హైటెక్ సిటీ వెనకాల కంకర మిషన్ దగ్గర నిలబడి సౌండు రికార్డు చేసుకొచ్చాడు. "సౌండ్ సౌండే కదా!" అట. పొద్దున్నే వచ్చి ప్లే చేశాడు. ముత్యాలు ఒక్క తన్ను తన్నింది, చెంబు వెళ్లి గోడకి తగిలి సొట్టపోయింది. కంగారులో వీడు ఏ బటన్ నొక్కాడో, అదే క్యాసెట్‌లో ఉన్న వాళ్ల చర్చి కొయిర్ పాటల ప్రాక్టీసు మొదలైంది. బర్రె శాంతించింది. అర గ్లాసు పాలు కూడా ఇచ్చింది! అప్పటి నుంచి డేవిడ్ 'మా కొయిర్ వింటే బర్రెలు కూడా చేపుతాయి' అని ఫ్లోరంతా చెప్పుకుంటున్నాడు. సత్తెమ్మ మాత్రం ఆ అర గ్లాసూ నా చేతిలో పెట్టి "చాయ్ తాగి సామాన్లు సదురుకో" అంది.

అప్పుడు వెలిగింది నాకు. సైలెన్సర్ మార్చక్కర్లేదు! ఇంజన్ దగ్గర దాన్ని పట్టి ఉంచే నట్లు కాస్త వదులు చేస్తే చాలు, పొగ అక్కడి నుంచే తన్నుకొస్తుంది, బండి మొత్తుకుంటుంది. మర్నాడు తెల్లారుతుండగా స్పానర్ పట్టుకుని కూర్చున్నా. నట్లు వదులు చేశా. కిక్ కొట్టా. ఫుల్ రేస్!

కొట్టం రేకులు గలగలలాడాయి. ముత్యాలు చెవులు నిక్కబొడిచింది, తోక ఒకసారి విసిరింది, కళ్లు మూసుకుంది. "చేపింది! చేపింది! ఆపకు బిడ్డా, ఆపకు!" అని సత్తెమ్మ కేకలు. చెంబు నిండింది, బకెట్ తెచ్చింది. నాకు ఆనందం ఆగక హ్యాండిల్ పట్టుకుని ఎగురుతున్నా. అలా ఎగురుతూ గేటు వైపు చూశా.

గేటు దగ్గర ఎస్సై గారు! లుంగీ, బనియను, చేతిలో పాలగిన్నె.

ఆయన మా వెనక సందులోనే ఉంటారట. ముత్యాలు పాలతోనే ఆయన ఇంట్లో చాయ్ అట. ఐదారు రోజులుగా పాలు లేక, ఇంట్లో మాటలు పడి, సంగతేమిటో కనుక్కుందామని స్వయంగా వచ్చారట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. అప్పుడు మాత్రం నా చెయ్యి రేస్ మీదే బిగుసుకుపోయింది, వదలడం కూడా మర్చిపోయా.

"శ్రీనివాసరావ్!" అని ఆ రొదని మించి అరిచాడాయన. పేరు బాగానే గుర్తుంది! "సన్ ఆఫ్ సుబ్బారావ్! నీకు చెప్పిన్నా లేదా?"

నేను నోరు తెరిచేలోపు సత్తెమ్మ లేచింది. పితికే చేతులు నడుం మీద పెట్టుకుని, "సార్, ఆ పిలగాన్ని ఏమన్కు. గా సప్పుడుకే బర్రె చేపుతున్నది. సప్పుడు బంద్ చేయిస్తవా, చేయించు. రేపటికెల్లి మీ ఇంట్ల నల్ల చాయే. మేడంకు నువ్వే చెప్పుకో" అంది.

ఎస్సై గారు ఖాళీ గిన్నెలోకి చూశారు. బకెట్‌లోకి చూశారు. నురగ ఇంకా తేలుతోంది. ఆయన మొహంలో చట్టానికీ చాయ్‌కీ మధ్య జరిగిన పెనుగులాట నేను కళ్లారా చూశానండీ. చివరికి గొంతు సవరించుకుని, "రోడ్డు మీద సప్పుడైతే ఊరందరికీ తిప్పలు. ఇది వాకిట్ల సప్పుడు, చుట్టుపక్కలోళ్లను అడుగుదాం. ఎవ్వరన్న వద్దంటే మాత్రం బంద్" అన్నారు. చుట్టుపక్కలవాళ్లని అడిగితే, వాళ్లూ సత్తెమ్మ పాలవాళ్లే! ఒక్కరు వద్దనలేదు. "సరే. పాలు పితికేదాంకనే. గేటు దాటే ముందల నట్లు బిగియ్యాలె, నేనే చూస్త" అని తీర్పిచ్చారు.

అప్పటి నుంచి రోజూ ఇదే డ్యూటీ. వదులు చెయ్యి, రేస్ ఇవ్వు, బిగించు. ఎస్సై గారు ఒక చేత్తో పాలగిన్నె పట్టుకుని, ఇంకో చేత్తో నా నట్లు తిప్పి చూసి, "పో" అంటారు. అప్పుడు నేను హైటెక్ సిటీకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంటా. చొక్కా నిండా పొగ వాసన, ప్యాంటు మీద పేడ.

నిన్న పొద్దున సత్తెమ్మ చేతిలో శుభలేఖ పెట్టి, "అమ్మా, పెళ్లికి ఊరెళ్తున్నాను, ఓ పది రోజులు ఉండను" అన్నా. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. నా మీద ఇంత ప్రేమ ఉందా అని నేనూ జేబురుమాలు తీశా. ఆవిడ కొంగుతో కళ్లు ఒత్తుకుని, "పైలంగ పోయిరా బిడ్డా" అంది. ఆ తర్వాత అంది, "బండి ఇడ్సిపో."

"బండి సరేనమ్మా, స్టార్ట్ చేసేదెవరు?"

"నేన్ జేస్త" అని గేటు దగ్గర నుంచి గొంతు. ఎస్సై గారు! గిన్నె అరుగు మీద పెట్టి, లుంగీ ఎగ్గట్టి, వచ్చి బండెక్కి కూర్చున్నారు. స్పానర్ నా చేతిలోంచి లాక్కుని నట్లు వదులు చేశారు. కిక్ కొట్టారు. మొదట కొంచెం భయం భయంగా రేస్ ఇచ్చారు. తర్వాత ఇంకొంచెం. తర్వాత ఫుల్! ఆ మొహం మీరు చూడాల్సింది, కొత్త చొక్కా తొడుక్కున్న పిల్లాడి మొహంలా ఉంది. ఆ రొదలో నా వైపు తిరిగి ఏదో అడుగుతున్నారు. దగ్గరికెళ్లి చెవి పెట్టా.

"ఇంతేనా తమ్మీ? ఇంకా గట్టిగ రాదా?"

ముత్యాలు చేపింది. నేను రేస్ ఇచ్చినప్పటికంటే ఎక్కువే చేపింది. సత్తెమ్మ బకెట్ ఎత్తుకుంటూ నాతో ఏమందో తెలుసా? "సార్‌కు మంచిగనే వచ్చింది బిడ్డా. నువ్ నిమ్మలంగ రా, తొందరేం లేదు."

అప్పుడర్థమైందండీ. ఆ పోర్షన్‌లో కిరాయికి ఉంటున్నది నా బండి. నేను దానికి తోడుగా ఉంటున్నాను, అంతే. పెళ్లికి అందరూ రావాలి. కానీ ఈ సంగతి మామగారి చెవిన పడనివ్వకండి. ఇల్లు చూసి పిల్లనిస్తున్న మనిషి, ఇల్లు బండిదని తెలిస్తే పిల్లని బండికిచ్చి చేస్తానంటారు!