అమ్మ చెప్పిన సాక్ష్యం

మా అమ్మకు రొమ్ము క్యాన్సర్. ఈ మాట మా ఇంట్లో గానీ, మా చర్చిలో గానీ ఎవరి నోటా రాలేదు. వచ్చినవాళ్లు "ఛాతి ప్రాబ్లం" అన్నారు, "లేడీస్ ప్రాబ్లం" అన్నారు. మామిడిపల్లిలో ఉండే మా మేనత్త అయితే గొంతు తగ్గించి, "అదే... ఆడ..." అని పైట సర్దుకుని అక్కడితో ఆపేసింది. ఆడంటే ఎక్కడ? చంద్రమండలంలోనా?

ఈ దిక్కుమాలిన మర్యాదకు మొదట బలైంది అమ్మే. కాటేదాన్‌లో ప్లాస్టిక్ డబ్బాల కార్ఖానాలో ఏళ్ల తరబడి పనిచేసి, వెకిలి వేషాలేసిన సూపర్‌వైజర్లను నిలబెట్టి కడిగేసిన మనిషి, తన ఒంట్లో గడ్డ చేతికి తగిలితే మాత్రం శంషాబాద్ బజార్లోని ఆరెంపీ డాక్టరు దగ్గరికి పోయి "ఛాతిల నొస్తుంది సార్" అంది. ఆయన గ్యాస్ అన్నాడు. మాత్రలిచ్చాడు. తగ్గకపోతే ఈసీజీ తీయించి, గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు. గడ్డ గురించి ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. పైగా గుండె బాగుందని సంబరపడి చర్చిలో కృతజ్ఞత కానుక కూడా వేసి వచ్చింది.

బాపు పోయినప్పటి నుంచి ఇంట్లో తల్లీకూతుళ్లం మేమిద్దరమే. ఆ గ్యాస్ మాత్రలతోనే ఏడాది దాటాక నడుము నొప్పితో అమ్మ బకెట్ ఎత్తలేకపోతే, నీళ్లు పోయడానికి నేను బాత్రూంలోకి వెళ్లాను. అప్పుడు చూశాను. "ఇదేందమ్మా?" అంటే, "గడ్డ. అదే పోతదిలే" అంది, కాలికి ముల్లు గుచ్చుకున్నంత తేలిగ్గా. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లు మండిపోయింది.

సిటీలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లాను. పరీక్షలన్నీ అయ్యాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టి, దాచకుండా చెప్పింది. జబ్బు ఎముకల్లోకి పాకింది. పూర్తిగా పోదు. మాత్రలతో, ఇంజెక్షన్లతో అదుపులో పెడితే కొన్నాళ్లు తన పనులు తాను చేసుకుంటూ బతకవచ్చు. "మందులు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దమ్మా" అని అమ్మ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. నాకు కావలసింది ఆ కొన్నాళ్లే. అంతకంటే ఎక్కువ అడిగే ధైర్యం నాకు లేదు.

ఇక ఇంట్లో జాతర మొదలైంది. నేను విమానాలకు భోజనాల ట్రేలు సర్దే చోట పనిచేస్తాను. షిఫ్టు దిగి వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల కుప్ప, లోపల సంతాప సభ. అమ్మ ఎదురుగా బతికి కూర్చుని ఉండగానే ముక్కులు చీదుకునేవాళ్లు. అరటిపండ్లు పట్టుకుని వచ్చిన ప్రతివాళ్లూ డాక్టర్లే. "ఫ్రిజ్ నీళ్లు తాగుతది, గందుకే." "ఫోన్ జాకెట్ల పెట్టుకుంటదిగ, గా కిరణాలు తాకినయ్." మా మేనత్త వీళ్లందరినీ మించిపోయింది. "గీ విమానాల చప్పుడుకే వదినా, రక్తం ఇరుగుతది" అని తేల్చేసింది. ఆమె ఇంటి మీదుగా కూడా అవే విమానాలు పోతాయి. ఆమె రక్తం మాత్రం శుభ్రంగా ఉంది. ఇంటికి పోయాక ఊరుకుందా, ఏవేవో ఆకుల కషాయాల వీడియోలు నా ఫోన్‌కు వరుసగా పంపింది. ఒక్కటీ తెరవకుండా తీసేశాను.

వీళ్లను ఎలాగో భరించాను గానీ పాస్టరును భరించడం నా వల్ల కాలేదు. కోస్తా నుంచి వచ్చి మా కాలనీలో రేకుల షెడ్డు వేసి చర్చి పెట్టినాయన. మడత నలగని తెల్ల చొక్కా, గది నిండా సెంటు వాసన. వారం వారం వచ్చి అమ్మ నుదుట ప్రార్థన నూనె రాసి, "అమ్మా, దేవుడు మీకు స్వస్థత ఇచ్చేశాడండి. మీరు నమ్మడమే ఆలస్యం" అనేవాడు. ఒకరోజు ఇంకో మెట్టు ఎక్కాడు.

"మాత్రలు మింగుతూ స్వస్థత అడిగితే అది విశ్వాసం ఎలా అవుతుందండీ? వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పండి. స్వస్థపడ్డానని ముందు నోటితో ఒప్పుకోండి. ఆ తర్వాత మందుల అవసరమే ఉండదు."

సాక్ష్యమంటే ఆదివారం మైకు ముందు నిలబడి దేవుడు చేసిన మేలు అందరికీ చెప్పడం. జ్వరం తగ్గినా, ఉద్యోగం వచ్చినా, తప్పిపోయిన బర్రె దొరికినా మావాళ్లు సాక్ష్యం చెబుతారు. అది చెప్పాక వెనక్కి తీసుకోవడమనేది లేదు. స్వస్థపడ్డానని మైకులో అన్న మనిషి మర్నాడు మాత్ర ముట్టుకుంటే దేవుణ్ణి అబద్ధాలకోరును చేసినట్టే. అమ్మ అంత పని చేయదు, మందులే మానేస్తుంది. ఇంతా బోధిస్తున్న మనిషి చొక్కా జేబులోంచి బీపీ మాత్రల అట్ట తొంగిచూస్తోంది.

"మరి మీ బీపీకి విశ్వాసం పని చేస్తలేదా అయ్యగారూ?" అన్నాను.

ఆయన జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. అమ్మ మాత్రం, "దానికి జర నోటి దురుసు, ఏమనుకోకుండ్రి" అని నా తరఫున మాఫీ అడిగి, "సరే అయ్యగారు. ఆదివారం సాక్ష్యం చెప్త" అంది.

ఆ వారమంతా ఇంట్లో కొట్లాటే. "ఏం చెప్తవ్?" అంటే "చెప్పినప్పుడు ఇను" అనేది. "ఆదివారం దాటినంక గోలీలు మింగుతవా, మింగవా?" అంటే "జర ఊపిరి తీసుకోనియ్యవే" అనేది. షిఫ్టులో నా ధ్యాస పనిలో లేదు. స్పూన్లు పెట్టకుండా ట్రేలు పంపి చీవాట్లు తిన్నాను.

ఆదివారం వచ్చింది. "మన సహోదరి ఛాతి వ్యాధిని జయించి మన మధ్య నిలబడింది" అని పాస్టరు ఊగిపోతూ ప్రకటించాడు. షెడ్డంతా హల్లెలూయ అని అరిచింది. థూ, ఎంత సులువుగా అరుస్తారో! అమ్మ మెల్లగా వెళ్లి మైకు అందుకుంది.

"అందరికి వందనాలు. నాకు రొమ్ము క్యాన్సర్ వచ్చింది."

సాక్ష్యం వినడానికని వచ్చిన మేనత్త తల దించుకుంది.

"సిగ్గుపడి ఛాతి నొప్పని చెప్పిన. గ్యాస్ గోలీలు మింగుకుంట ఏడాది పోగొట్టుకున్న. రొమ్ము కొట్టుకోని ఏడ్చినోళ్ల గురించి వాక్యంల సదువుతే మనకు సిగ్గు లేదు, నాకు గడ్డ లేచిందని చెప్పనీకి సిగ్గయింది. ఇప్పుడు బొక్కలల్లకు పోయింది. నాకు తగ్గలే. తగ్గదని డాక్టరమ్మ చెప్పింది. గోలీలు మింగుతున్న, ఇగ ముంగట కూడ మింగుత. వాంతులైతున్నయ్. గోలీలు కడుపుల ఆగాలె అని ప్రార్థన చెయ్యిండ్రి."

పాస్టరు మైకు కోసం చెయ్యి చాపాడు. "అమ్మా, ఇది సాక్ష్యం కాదండి. సాక్ష్యమంటే..."

అమ్మ మైకు వదల్లేదు. "సాక్ష్యమంటే చూసింది చెప్పుడు గద అయ్యగారు. చూడంది చెప్తే గది దొంగ సాక్ష్యమైతది."

ఒక్కరూ ఆమేన్ అనలేదు. పాస్టరు గబగబా పాట ఎత్తుకున్నాడు.

నాకు మాత్రం పండగే. ఇంటికి తిరిగొస్తుంటే ఆటోలో నా నోరు ఆగలేదు. "మంచిగ గడ్డి పెట్టినవమ్మా! వాళ్ల మొహాలు చూసినవా? తిక్క కుదిరింది ఒక్కొక్కళ్లకు. ఇగ ఎవ్వరు మన గడప తొక్కరు. పీడ పోయింది."

అమ్మ నవ్వలేదు. "వాళ్లు రావాలె బిడ్డా."

"ఎందుకు? అరటిపండ్లు తేనీకా?"

"నన్ను మొయ్యనీకి. నలుగురు కావాలె గద. నువ్వొక్కదానివే మోస్తవా?"

నేను రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి, "అత్త మనసు నొచ్చుకున్నట్టున్నది. ఇంటికి పోయినంక ఫోన్ చెయ్. జర మంచిగ మాట్లాడు" అంది.

చేశాను. "ఏం జేస్తున్నవ్ అత్తా? పొద్దుగూకినంక రా, చాయ్ తాగి పోదువు" అన్నాను. ఆమె వెంటనే ఏదో కషాయం గురించి మొదలుపెట్టింది. అన్నిటికీ ఊఁ కొట్టాను. అమ్మ పక్కనే మాత్ర మింగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని, నేను సరిగ్గా మాట్లాడుతున్నానో లేదో అని నా మొహమే చూస్తూ కూర్చుంది.