మల్లెపూల వాసన వచ్చే దయ్యాలు

బ్రాడీపేట హాస్టల్లో ఒక ఫాంటసీ నవల చదవడం మొదలుపెట్టాను. సముద్రపు ఒడ్డున చిన్న ఊరు. మునిగిపోయినవాళ్లు దయ్యాలై తిరిగొస్తారట, వాళ్ల ఒంటి నుంచి మల్లెపూల వాసన వస్తుందట. ఛీ! పుస్తకం మూసేశాను.

వాడరేవు నేస్తాలూ, మన ఇళ్ల వాసన గుర్తుందా? ఇసుకలో ఎండే చేపలు, వాటిమీద ముసిరే ఈగలు, జడకు అంటుకున్న పొలుసులు. అన్నం ముద్ద ఎత్తినా అదే కంపు. పైగా తాత పడవ ఒడ్డుకు చేరేదాకా మా ఇంట్లో ఎవరూ సబ్బు ముట్టకూడదు. నురగ చూస్తే సముద్రం రేగుతుందని నాయనమ్మ నమ్మకం.

గాలివానకు పడవ ఆలస్యమైన రోజు, కంపు భరించలేక సబ్బు తీశాను.

"ఒసేయ్, ముట్టుకోమాక! మీ తాత ఇంకా నీళ్లమీదే ఉన్నాడు."

"బళ్లో అందరూ ముక్కు మూసుకుంటన్నారు నాయనమ్మా!"

"మూసుకోనీ. ఊడిపోవులే ముక్కులు."

అంటూనే ఆమె కళ్లు సముద్రం వైపే.

చీకటిపడే వేళకు తాత వచ్చాడు. కుళ్లిన ఎర, డీజిల్, చెమట కలిసిన ఆ కంపుకు నాకు వాంతి వచ్చింది. నాయనమ్మ మాత్రం అందరి ముందూ అతని తడి చొక్కాలో మొహం దాచుకుంది.

"ఎంత కంపు కొడతన్నావయ్యా!" అని ఏడ్చింది. కానీ వదల్లేదు.